దుఃఖంలో ఆనందం (క్రైస్తవ ఆధ్యాత్మికత)

కష్టం గట్టెక్కాక కలిగే సంతోషం ఏ మతం వారికైనా తెలిసిందే. కష్టం ఇంకా నెత్తిమీద ఉండగానే, ఒక్కోసారి అది తీరేది కాదని తెలిసి కూడా, మనిషి దేవునిలో ఆనందించగలడన్నది క్రైస్తవం గట్టిగా పట్టుకున్న విశ్వాసం. యేసు సిలువ మీద చనిపోయి మూడో రోజున లేచాడన్న నమ్మకంలో దీని వేరు ఉంది. చెరసాలల్లో, ప్లేగు సోకిన ఊళ్లలో, అమెరికా పత్తి చేలలో, కరువు పనుల దగ్గర ఈ విశ్వాసం పరీక్షకు నిలబడింది. అందుకే దీని చరిత్ర వేదాంత గ్రంథాల్లో కన్నా ఉత్తరాల్లో, డైరీల్లో, కీర్తనల్లో ఎక్కువగా దొరుకుతుంది.

దీన్ని తరచూ అపార్థం చేసుకుంటారు. విశ్వాసి ఏడవకూడదనీ, ఏడిస్తే దేవుణ్ణి శంకించినట్టేననీ ఇళ్లలోనూ వేదికల మీదా వినిపిస్తుంటుంది. ఈ సంప్రదాయాన్ని మొదటి నుంచీ చదువుకుంటూ వస్తే అందుకు పూర్తిగా విరుద్ధమైన సంగతి తేలుతుంది. ఏడుపుకు చోటు దొరికిన దగ్గరే ఆనందం కూడా నిలిచింది.

బైబిలు ఆధారాలు

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలు ఉంటే, వాటిలో మూడో వంతుకు పైగా మొరలు, విలాపాలేనని పండితుల లెక్క. స్తుతి గ్రంథంగా పేరుపడ్డ పుస్తకంలో ఇంత ఏడుపు ఉండటం యాదృచ్ఛికం కాదు. పదమూడో కీర్తన చాలా చిన్నది, ఆరే వచనాలు. ఇంకెన్నాళ్లని దేవుణ్ణి నాలుగుసార్లు నిలదీయడంతో అది మొదలవుతుంది. తరువాత వేడుకోలు. చివరి రెండు వచనాల్లో భక్తుడు పాట ఎత్తుకుంటాడు. ఈ మధ్యలో శత్రువు ఓడిపోయాడని గానీ, రోగం కుదిరిందని గానీ ఒక్క మాట ఉండదు. పరిస్థితి మారకుండానే స్వరం మారింది. చాలా విలాప కీర్తనలు ఇదే దారిలో నడుస్తాయి. ఎనభై ఎనిమిదో కీర్తన మాత్రం చీకటితోనే ముగిసిపోతుంది. దానికి ఆశాజనకమైన ముగింపు అతికించకుండా ఆ చీకటిని అలాగే ఆరాధన పుస్తకంలో ఉంచిన పెద్దల తెగువను మెచ్చుకోవాలి. పాడలేని స్థితిలో ఉన్నవాడికి కూడా ఒక ప్రార్థన దక్కింది.

క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చిన తరువాతి శోకం విలాపవాక్యముల గ్రంథంలో ఉంది. అందులో ఐదు పద్యాలు. మొదటి నాలుగు హీబ్రూ అక్షరమాల వరుసలో సాగుతాయి. దుఃఖాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఏదీ దాచకుండా చెప్పుకోవడం ఆ నిర్మాణంలోనే ఉంది. దేవుని కనికరం మీద నమ్మకం వ్యక్తమయ్యేది పుస్తకం నడిమధ్యన, మూడో పద్యంలో. ఆ తరువాత కవి మళ్లీ శిథిలాల దగ్గరకే వెళ్తాడు. ప్రవక్త హబక్కూకు పుస్తకం చివర రైతుకు బాగా తెలిసిన నష్టాలన్నీ వరసగా వస్తాయి. అంజూరం పూయదు, ద్రాక్ష కాయదు, ఒలీవ దిగుబడి ఉండదు, పొలం పండదు, దొడ్డిలో గొర్రె మిగలదు, కొట్టంలో పశువు మిగలదు. అన్నీ పోయాక కూడా దేవునిలో సంతోషిస్తానని ఆయన చెప్పుకున్నాడు.

సువార్తల్లో యేసు బేతనియలో లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. కొద్దిసేపట్లో లాజరు లేస్తాడని తెలిసినవాడే ఏడ్చాడు. కాబట్టి పునరుత్థానం మీద నమ్మకం ఉన్నవారికి ఏడుపు దేనికని అడిగేవారికి ఆ సమాధి దగ్గరే జవాబు ఉంది. గెత్సేమనే తోటలో ఆయన ప్రాణం మరణమంత దుఃఖంలో మునిగింది. తన చివరి రాత్రి శిష్యులతో మాట్లాడుతూ ప్రసవ వేదన పడే స్త్రీని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ నొప్పీ ఆ సంతోషమూ ఒకే బిడ్డ గురించినవి. పునరుత్థానం తరువాత శిష్యులకు కనిపించిన దేహంలో మేకుల గుర్తులు చెరిగిపోలేదు, తోమాకు యేసు వాటినే చూపించాడు. గెలిచిన దేహానికి కూడా గాయం గుర్తు ఉందన్న ఈ వివరం మీదే తరువాతి కాలపు ధ్యానం ఎంతో నడిచింది.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి పత్రిక రాసింది బంధకాల్లో ఉండి. ఏ ఊరి చెరసాల అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి, రోము అని సంప్రదాయం. నాలుగే అధ్యాయాలున్న ఆ చిన్న పత్రికలో ఆనందం ప్రస్తావన పదహారు సార్లు వస్తుంది. అదే పత్రికలో ఎపఫ్రొదితు అనే స్నేహితుడు చావు దాకా వెళ్లి బతికాడనీ, అతను పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదనీ పౌలు దాపరికం లేకుండా రాశాడు. ఆనందించమని పదేపదే చెప్పిన మనిషి తన భయాన్నీ చెప్పుకున్నాడు. రోమా సంఘానికి రాసిన పత్రికలో ఆయన ఏడ్చేవారితో కలిసి ఏడవమన్నాడు. ఏడుపు మాన్పించమని ఎక్కడా చెప్పలేదు.

తొలి సంఘం, ఎడారి తండ్రులు

203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో పెర్పెతువ అనే ఇరవై రెండేళ్ల యువతిని విశ్వాసం కారణంగా చెరలో వేశారు. ఆమె ఒడిలో పాలు తాగే బిడ్డ. ఆమె స్వయంగా రాసుకున్న చెరసాల జ్ఞాపకాలు మనకు మిగిలాయి. క్రైస్తవ స్త్రీ చేతి రాతల్లో మనకు దక్కిన అతి పాతవాటిలో ఇదొకటి. చీకటి, ఉక్క, సైనికుల దౌర్జన్యం, బిడ్డ కోసం తల్లి బెంగ అన్నీ అందులో ఉన్నాయి. బిడ్డను తన దగ్గర ఉంచుకోవడానికి అనుమతి దొరికాక ఆ చెరసాలే ఆమెకు రాజభవనంలా తోచింది. ఆమెతో పాటు ఉన్న ఫెలిసిటా అనే దాసి ఎనిమిదో నెలలో అక్కడే ప్రసవించింది. నొప్పులకు ఆమె కేకలు పెట్టిందని కూడా ఆ రచన దాచలేదు.

387లో ఇటలీలోని ఓస్తియా రేవులో మోనికా చనిపోయినప్పుడు ఆమె కొడుకు అగస్తీను తన కన్నీళ్లను బలవంతాన ఆపుకున్నాడు. అంతటి భక్తురాలి మరణానికి ఏడవడం తగదనుకున్నాడు. పక్కన బావురుమన్న తన కొడుకు అదెయొదాతును కూడా అక్కడివారు ఊరుకోబెట్టారు. స్నానం చేస్తే దుఃఖం పోతుందని విని స్నానానికి వెళ్లాడు. పోలేదు. పడుకుని లేచాక, ఒంటరిగా, దేవుని ఎదుట మాత్రమే ఏడ్చాడు. ఆ ఏడుపులోనే తనకు నెమ్మది దొరికిందని ‘కన్ఫెషన్స్’ తొమ్మిదో పుస్తకంలో రాసుకున్నాడు. విశ్వాసి ఏడవకూడదనే నియమాన్ని సంఘ చరిత్రలోని మహా వేదాంతుల్లో ఒకడు స్వయంగా పాటించి చూసి, నిలబెట్టుకోలేకపోయిన సందర్భం ఇది. దుఃఖ సమయంలో బోధ చేయబోయేవారు ఆ పేజీలు ముందు చదవడం మంచిది.

తొలి శతాబ్దాల్లో ఎడారుల్లో ఏకాంతంగా బతికిన సన్యాసులు, అంటే ఎడారి తండ్రులు, దుఃఖాన్ని రెండు రకాలుగా చూశారు. మనిషిని కుంగదీసి ప్రార్థనకు దూరం చేసే దిగులును వారిలో ఒకడైన ఇవాగ్రియస్ ఎనిమిది దుష్ట తలంపుల్లో ఒకటిగా లెక్కించాడు. తన పాపం కోసం, లోకపు బాధ కోసం మనసు కరిగి ఏడ్చే ఏడుపును వరంగా ఎంచారు. సీనాయి మఠాధిపతి యోహాను క్లిమకస్ ఏడో శతాబ్దంలో రాసిన ముప్పై మెట్ల నిచ్చెనలో ఏడో మెట్టు ఆనందాన్ని పుట్టించే శోకం గురించినదే. ఆర్థొడాక్స్ మఠాల్లో నేటికీ ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ దినాల్లో ఆ గ్రంథం చదువుతారు.

ఆరాధన సంవత్సరం

ఈ భావాన్ని పామరులకు నేర్పింది ప్రసంగాల కన్నా పంచాంగమే. కథోలికులు తపస్సు కాలమని, మిగతా సంఘాలు శ్రమల కాలమని పిలిచే లెంట్ నలభై రోజుల నడుమ, నాలుగో ఆదివారాన కథోలిక గురువులు ఊదా వస్త్రాలకు బదులు గులాబీ రంగువి ధరించవచ్చు. సిలువ ఇంకా ముందే ఉందని తెలిసినా ఒక రోజు సంతోషానికి కేటాయించారు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మూడో ఆదివారం కూడా అలాంటిదే. తెలుగు సంఘాల్లో శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా ధ్యానిస్తారు. ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగీకుడు, మధ్యలో పాటలు. ఆదివారం తెల్లవారకముందే మళ్లీ జనం గుడికి చేరతారు. చాలా ఊళ్లలో ఈస్టరు వేకువన సమాధుల తోటకు వెళ్లి, తమవాళ్ల సమాధులు కడిగి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పునరుత్థాన పండుగను చనిపోయినవాళ్ల పక్కన నిలబడి చేసుకునే ఈ ఆచారంలో ఒక పెద్ద గ్రంథానికి సరిపడా వేదాంతం ఉంది.

చీకటిలో పాట

అస్సీసీ ఫ్రాన్సిస్ 1225లో సాన్ దమియానోలో కంటి జబ్బుతో వెలుతురు భరించలేని స్థితిలో పడి ఉండగా సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ నీటినీ నిప్పునూ తోబుట్టువులుగా పిలుస్తూ స్తుతిగీతం కూర్చాడు. చూడలేని వెలుగును పొగిడాడు. మరుసటి ఏడు తన చావు దగ్గరపడ్డాక మరణాన్ని కూడా ఆ తోబుట్టువుల్లో చేర్చాడు. ఇంగ్లండులోని నార్విచ్‌లో జూలియన్ అనే ఏకాంతవాసిని 1373 మేలో, ముప్పై ఏళ్ల వయసులో మరణశయ్య మీద సిలువ దర్శనాలు చూసింది. ఆమె చిన్నప్పుడే ఆ ఊరిని మహా ప్లేగు ఊడ్చేసింది. అంతిమంగా అంతా మేలే అవుతుందన్న ఆమె నమ్మకం బాగా ప్రసిద్ధికెక్కింది. పాపం ఇంత కీడు చేసిన లోకంలో అదెలా సాధ్యమని ఆమె దేవుణ్ణి వదలకుండా ప్రశ్నించిందన్నది మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

స్పెయిన్ సన్యాసి యోహాను ఆఫ్ ది క్రాస్‌ను 1577 డిసెంబరులో బంధించింది శత్రువులు కాదు, ఆయన సొంత కార్మెలైట్ సభవారే. మఠ సంస్కరణను వ్యతిరేకించినవాళ్లు ఆయన్ని తొలెదోలో ఒక ఇరుకు గదిలో తొమ్మిది నెలలు పెట్టారు. గోడలో పైన చిన్న సందు తప్ప వెలుతురు లేదు. కొరడా దెబ్బలు మామూలు. తరువాత వచ్చిన కావలివాడు దయతలచి కాగితం, సిరా ఇచ్చాడు. స్పానిష్ సాహిత్యంలో అత్యున్నతమైన ప్రేమకవితల్లో ఒకటిగా ఎన్నదగిన ‘ఆధ్యాత్మిక గీతం’లో చాలా భాగం ఆ గదిలో పుట్టింది. 1578 ఆగస్టులో ఆయన తప్పించుకుపోయాడు. దేవుడు దూరమైపోయినట్టు తోచే దశను ఆయన రాత్రి అని పిలిచాడు, ఆ రాత్రిలోనే ఆత్మ దేవునికి దగ్గరవుతుందన్నాడు. ఇక్కడ ఆనందం అనుభూతిగా కూడా మిగలదు, నమ్మకం మాత్రమే మిగులుతుంది. ఫ్రాన్సు సన్యాసిని లిసియూ తెరెసా చివరి పద్దెనిమిది నెలలు అలాగే గడిపి 1897లో ఇరవై నాలుగేళ్లకే క్షయతో పోయింది. ఎప్పుడూ నవ్వుతూ కనిపించిన మదర్ తెరెసా కూడా దశాబ్దాల పాటు అంతరంగంలో ఇలాంటి చీకటినే మోసిందని 2007లో వెలువడిన ఆమె ఉత్తరాల వల్ల లోకానికి తెలిసింది. కొందరు దాన్ని అవిశ్వాసమన్నారు. చీకటిలో కూడా రోజూ లేచి రోగుల దగ్గరకు వెళ్లిన మనిషి విశ్వాసాన్ని ఆమె పని బట్టి కొలవడమే న్యాయం.

యేసు సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా ఇలాంటి చీకటి రోజుల కోసం ఆచరణకు పనికొచ్చే సూత్రం ఇచ్చాడు. మనసు ఎండిపోయిన రోజుల్లో పాత నిర్ణయాలు మార్చుకోవద్దు, ప్రార్థన తగ్గించవద్దు, ఈ దశ గడుస్తుందని గుర్తుంచుకో అన్నది దాని సారాంశం.

కీర్తనలు, శోకగీతాలు

సంస్కరణవాద సంఘాల్లో ఈ అనుభవం పాటలోకి వచ్చింది. జర్మనీలోని ఐలెన్‌బుర్గ్ పాస్టరు మార్టిన్ రింకార్ట్ 1637 ప్లేగులో ఊరికి మిగిలిన ఒకే ఒక్క కాపరిగా నాలుగు వేలకు పైగా భూస్థాపనలు జరిపించాడు. అందులో ఆయన భార్యదీ ఒకటి. ఆయన రాసిన కృతజ్ఞతా కీర్తన ఆ ప్లేగు మధ్యలో పుట్టిందని ప్రసంగాల్లో చెబుతారు. నిజానికి అది అంతకుముందే, భోజనానంతర ప్రార్థనగా రాసిందని పరిశోధకులు అంటారు. అయినా దాని విలువ తగ్గదు. యుద్ధం నడుస్తున్న కాలంలో ఇంటి పంక్తిలో పాడుకున్న పాట, ఆ పంక్తిలో చోట్లు ఖాళీ అయ్యాక కూడా నోట మిగిలింది. మరో జర్మన్ కీర్తనకారుడు పాల్ గెర్హార్ట్ ఐదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. షికాగో న్యాయవాది హొరేషియో స్పాఫర్డ్ నలుగురు కూతుళ్లు 1873 నవంబరు 22న ‘విల్ దు ఆవ్ర్’ ఓడ మునిగి చనిపోయారు. ఆ తరువాత ఆయన రాసిన కీర్తనకు కట్టిన బాణీకి ఆ ఓడ పేరే ఉంది.

అమెరికాలో బానిసలుగా బతికిన నల్లవారి పాటలు ఈ చరిత్రలో విడిగా చూడాల్సినవి. బానిసలు పాడుతున్నారంటే సుఖంగా ఉన్నట్టేనని యజమానులు చెప్పుకునేవారు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన తన ఆత్మకథలో ఆ మాటను గట్టిగా ఖండించాడు. ఆ పాటలు గుండె కోతకు ఊపిరి అనీ, ప్రతి స్వరమూ బానిసత్వం మీద దేవునికి చేసిన ఫిర్యాదు అనీ ఆయన వివరించాడు. 1903లో నల్లజాతి మేధావి డుబోయిస్ వాటిని శోకగీతాలన్నాడు, ఆ శోకంలో అంతిమ న్యాయం మీద నమ్మకం వినిపిస్తోందని కూడా అన్నాడు. నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యార్థుల బృందం 1871 నుంచి వాటిని లోకానికి వినిపించింది. అణచివేతకు గురైనవారి ఆనందాన్ని చూసి వారికి బాధ లేదనుకోవడం ఎంత పెద్ద అన్యాయమో ఇంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

తెలుగు నేల

తెలుగు క్రైస్తవ సంఘంలో అధిక భాగం దళితులది. కులం పెట్టిన బాధా కరువు పెట్టిన బాధా దాని పుట్టుకతోనే ముడిపడి ఉన్నాయి. 1876-78 మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. కరువు వెనకబట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరువులో అయినవాళ్లను పోగొట్టుకున్న జనం ఆ నీళ్లలో దిగారన్నది మరవకుండా ఆ అంకెను చదవాలి. మెదక్ చర్చిదీ కరువు కథే. ఆకలితో ఉన్నవారికి పనీ తిండీ దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ మందిరాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు.

పురుషోత్తమ చౌదరి (1803-1890) కాలం నుంచి తెలుగు క్రైస్తవ కీర్తనలు మన రాగతాళాల్లోనే నడిచాయి. మరణం సంభవించిన ఇంట్లో వాటి అసలు బలం తెలుస్తుంది. ఊళ్లో ఎవరైనా ప్రభువునందు నిద్రించారని కబురు అందగానే సంఘస్థులు పాటల పుస్తకం, డోలక్, తాళాలు పట్టుకుని వస్తారు. రాత్రంతా భౌతికకాయం పక్కన పాడతారు. తల్లో భార్యో గుండెలు బాదుకుంటూ ఏడుస్తుంటే ఎవరూ పాట ఆపరు, ఆమె ఏడుపునూ ఆపరు. రెండూ ఒకే పందిరి కింద సాగుతాయి. తెల్లారాక పాడుతూనే సమాధి దాకా వెళ్తారు, పిడికెడు మట్టి వేస్తారు. తరువాతి రోజుల్లో ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక జరుగుతాయి. ఆ రాత్రి పాడేది దుఃఖంలో ఉన్న మనిషి కాదు, ఆమె తరఫున పాడేది సంఘం. దుఃఖంలో ఆనందం ఒంటరి సాధకుడి ఘనకార్యమన్న భావనను ఈ పందిరి ఒక్కటే తోసిపుచ్చుతుంది.

ఇరవయ్యో శతాబ్దం

నాజీలను ఎదిరించి 1943 ఏప్రిల్‌లో అరెస్టయిన జర్మన్ పాస్టరు డీట్రిష్ బొన్‌హోఫర్ ఆ క్రిస్మస్‌కు బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో ఆదరణ గురించి అసాధారణమైన మాట చెప్పాడు. దూరమైన మనిషి వదిలిన ఖాళీని దేవుడు పూడుస్తాడనడం సరికాదనీ, ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి దాని ద్వారా బంధాన్ని నిలుపుతాడనీ ఆయన భావం. 1945 ఏప్రిల్ 9న ఫ్లాసెన్‌బుర్గ్‌లో ఆయన్ని ఉరితీశారు. రచయిత సి.ఎస్. లూయిస్ 1940లో బాధ గురించి తర్కబద్ధమైన పుస్తకం రాశాడు. 1960లో భార్య జాయ్ క్యాన్సరుతో పోయాక రాసుకున్న నోటు పుస్తకాలను మరుసటి ఏడు మారుపేరుతో అచ్చువేశాడు. మొదటి పుస్తకంలో జవాబులున్నాయి, రెండో పుస్తకంలో మూసిన తలుపు ముందు నిలబడ్డ మనిషి ఉన్నాడు. దుఃఖంలో ఉన్నవారికి ఎక్కువగా తోడైంది రెండోదే. అధికారిక బోధలో పోపు ఆరో పౌలు 1975లో క్రైస్తవ ఆనందం మీదే ఒక ప్రబోధ లేఖ వెలువరించాడు.

అపార్థాలు, హద్దులు

విశ్వాసం ఉంటే ఆరోగ్యం, ఐశ్వర్యం తప్పక వస్తాయన్న బోధ ఈ సంప్రదాయానికి అతి పెద్ద చేటు. ఆ బోధలో కష్టం కొనసాగడమంటే విశ్వాసం చాలకపోవడమే. దాంతో జబ్బుపడ్డవాడు జబ్బుతో పాటు నేరాన్నీ మోస్తాడు. సాక్ష్యం చెప్పే వేదిక మీద స్వస్థత పొందినవారికే మైకు దొరికితే, స్వస్థత రానివాళ్లు వెనక బెంచీల్లో మౌనంగా మిగిలిపోతారు. ఆరాధనలో విలాపం మాయమైతే అన్యాయాన్ని ప్రశ్నించే గొంతు కూడా పోతుందని పాత నిబంధన పండితుడు వాల్టర్ బ్రూగెమన్ 1986లో హెచ్చరించాడు. కొట్టే భర్తను, తక్కువ కులమని దూరం పెట్టే ఊరిని ఆనందంగా భరించమని చెప్పడానికి ఈ బోధను వాడుకోవడం పచ్చి దుర్వినియోగం. బైబిలు భక్తులు బాధను మోశారు, దాన్ని పెట్టినవారిపై దేవునికి ఫిర్యాదూ చేశారు.

మానసిక కుంగుబాటు వేరే విషయం. అది వ్యాధి. లండన్‌లో వేలమందిని ఆకట్టుకున్న ప్రసంగీకుడు స్పర్జన్ 1856లో తన కూడికలో తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయినప్పటి నుంచీ జీవితాంతం దానితో పెనుగులాడాడు. తన శిష్యులకు దాని గురించి పాఠమే చెప్పాడు. పాస్టరు జాన్ న్యూటన్‌తో కలిసి 1779లో కీర్తనల సంపుటి వెలువరించిన కవి విలియం కౌపర్ చాలాసార్లు ప్రాణం తీసుకోబోయాడు. దేవుడు తనను విడిచేశాడన్న భ్రమలోనే 1800లో కన్నుమూశాడు. న్యూటన్ అతన్ని ఎన్నడూ అవిశ్వాసి అనలేదు, స్నేహమూ వదల్లేదు. నిద్రాహారాలు పోయి, బతకాలని లేదని సంఘంలో ఎవరైనా అంటే వాక్యం చెప్పి పంపేయకండి. పక్కన కూర్చోండి, ప్రార్థించండి, వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రయినా పగలైనా తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.